ఆగస్టు కాగితానికి రెండో వైపు

దేశంలో ఏ ఏడాది ఏం జరిగిందో నన్ను అడగండి, చెబుతాను. గొప్పకు చెప్పడం లేదు, నా బతుకుదెరువే అది. నాందేడ్‌లో పోటీ పరీక్షలకు చదివే పిల్లల కోసం ప్రతి డిసెంబరులో మరాఠీలో ఒక చిన్న పుస్తకం వేస్తాను. జనవరి నుంచి మొదలుపెట్టి ఆ ఏడాది దేశంలో జరిగిన ముఖ్యమైన సంగతులన్నీ అందులో ఉంటాయి. ఏ చట్టం వచ్చింది, ఏ వంతెన తెరిచారు, ఏ రైలు పట్టాలు తప్పింది, ఎవరు కప్పు గెలిచారు. తలాఠీ ఉద్యోగానికి, అంటే మీ దగ్గర పట్వారీ అంటారే, దానికి చదివేవాళ్ల దగ్గర్నుంచి పోలీసు భర్తీకి పొద్దున్నే పరుగులు తీసేవాళ్ల దాకా చాలామంది సంచుల్లో నా పుస్తకం ఉంటుంది. తేదీ తప్పు పడితే నాకు అన్నం సయించదు. ఒకసారి ఒక తేదీ ఒక రోజు తేడాగా అచ్చయిందని తెలిసి, కట్టలన్నీ విప్పి ప్రతి పుస్తకంలోనూ పెన్నుతో దిద్దాను. పక్కనే కూర్చుని బియ్యం ఏరుతున్న మా ఆవిడ చూసి చూసి అడిగింది.

"ఒక్క దినం అటిటైతె దేశం మునుగుతదా?"

మునుగుతుందన్నాను. ఆమె నవ్వి మళ్లీ రాళ్లు ఏరుకుంది.

మాది ఉమ్రి అవతల ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. తెలుగులో తిట్టగలను, బేరమాడగలను, దుఃఖం వస్తే ఏడవగలను. చదవడం మాత్రం వచ్చేది కాదు. మా వైపు నా ఈడు వాళ్లలో ఇదేమీ వింత కాదు. మా నాన్న ఉర్దూలో చదువుకున్నాడు, నేను మరాఠీలో చదువుకున్నాను, ఇద్దరం పోట్లాడుకున్నది తెలుగులో. మా ఇంట్లోకి తెలుగు అక్షరం వచ్చింది మా ఆవిడతోనే. ఆమెది బోధన్ దగ్గరి ఊరు, ఏడో తరగతి దాకా తెలుగు బడిలో చదివింది.

ఏటా కొత్త సంవత్సరానికి ముందు ఆమె తమ్ముడు బోధన్ బట్టల దుకాణం వాళ్లు ఇచ్చే తెలుగు క్యాలెండరు తెచ్చి ఇచ్చేవాడు. పన్నెండు పెద్ద కాగితాలు, ప్రతి తేదీకి ఒక గడి, గడిలో ఖాళీ జాగా. దానికి దారంతో ఒక పెన్సిలు కట్టి వంటింటి గోడకు తగిలించేది. పని మధ్యలో ఎప్పుడో వచ్చి రెండు మాటలు రాసి పోయేది. గ్యాసు వచ్చిన రోజు, పాలు రాని రోజు, అవే అయి ఉంటాయని నేను అనుకునేవాణ్ణి. అడగలేదు. నా కళ్లకు అవి గుండ్రటి గీతలు.

నాకు ఆ క్యాలెండరుతో వేరే పని ఉండేది. కాగితం మందం, వెనుక వైపు తెల్లగా ఉండేది, సిరా పీల్చేది కాదు. నెల అయిపోగానే ఆ కాగితం చింపి, వెనుక వైపున ఆ నెలలో దేశంలో జరిగిన సంగతులు తేదీలవారీగా రాసుకునేవాణ్ణి. అదే నా పుస్తకానికి చిత్తుప్రతి. డబ్బిచ్చి నోటుబుక్కు కొనడం దండగ అనిపించేది. మొదట్లో ఒకసారి ఆమె వచ్చి నిలబడింది.

"కాయిదం ఎనుక ఏం రాస్తున్నవ్?"

"దేశం సంగతులు."

"ముందల నా సంగతులున్నయ్. జర చూసి చింపు."

చూశాను. ఏముంది, అవే గుండ్రటి గీతలు. చింపాను.

నేను చెప్పబోయేది మన నౌక చంద్రుని మీద దిగిన ఏడాది సంగతి. ఎంత నిండైన ఏడాదో. కొత్త పార్లమెంటు భవనం తెరిచారు. జనాభాలో చైనాను దాటేశామన్నారు. ఒడిశాలో రైళ్లు గుద్దుకున్నాయి. ఆడవాళ్ల సీట్ల చట్టం వచ్చింది. అక్టోబరు కాగితం మీద మా నాందేడ్ పేరే రాయాల్సి వచ్చింది. ఆసుపత్రిలో పోయిన పసిపిల్లల వార్త అది. నవంబరులో కప్పు చేతిదాకా వచ్చి పోయింది. అన్నింటికంటే ఎత్తున ఆ ఆగస్టు సాయంత్రం ఉంది. ఆగస్టు కాగితం వెనుక ఇరవై మూడో తేదీ కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీశాను. పుస్తకం మొత్తంలో రెండు గీతలు ఆ ఒక్కదానికే.

ఆ సాయంత్రం నేను కిన్వట్‌లో ఉన్నాను. ఏటా ఆ రోజుల్లో కిన్వట్, మాండవి, మాహూర్ తిరిగి దుకాణాల్లో మిగిలిన పుస్తకాల సంగతి చూసుకుని, కొత్తవాటికి ఎన్ని కావాలో అడిగి వస్తాను. పుస్తకాల దుకాణం టీవీ ముందు ముప్పై మంది ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. దిగగానే దుకాణపాయన అందరికీ పేడాలు పంచాడు. నేను రెండు తిన్నాను. కళ్లు చెమర్చాయి, దాచేదేముంది. ఆ సంతోషంలో ఇంటికి ఫోన్ చేసి, దిగింది, మనవాళ్లు దించారు అన్నాను. అవతల నుంచి "ఊఁ" అని వచ్చింది. నేను ఇంకో నాలుగు మాటలు చెప్పాను. మళ్లీ "ఊఁ". నాకు తిక్క రేగింది.

"దేశం చంద్రుని మీద దిగింది, నీకు ఊఁ తప్ప మాట లేదా?" అని ఫోన్ పెట్టేశాను.

ఆ తర్వాత నెలల తరబడి ఆ సంగతి నలుగురికీ చెప్పుకున్నాను. మా ఆవిడకు దేశం పట్టదు అనడానికి అది నా రుజువు. ప్రెస్సాయనకు చెప్పాను, బంధువులకు చెప్పాను, ఆమె ముందే చెప్పాను. ఆమె తన పని చేసుకుంటూ పోయేది.

నవంబరు చివర్లో ఆమెకు జ్వరం వచ్చింది. రెండు రోజులు కషాయంతో నెట్టింది. మూడో రోజు ఎగశ్వాస పట్టుకుంటే ఆటోలో వేసుకుని మా పేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాను. ఊపిరితిత్తులకు పట్టిందని పడుకోబెట్టారు. పొద్దున్నే డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. కుర్రవాడే, మరాఠీలో నెమ్మదిగా మాట్లాడతాడు.

"కాకా, ఈమెకు పడని మందు ఏదైనా ఉందా?"

లేదని చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. అప్పుడు ఎక్కడి నుంచో ఆమె మాట ఒకటి గుర్తొచ్చింది. ఎప్పుడో, నేను రాసుకుంటుంటే, వెనుక నిలబడి అంది. ఆ గోలి నాకు పడలేదు, పెదాలు ఉబ్బినయ్ అంది. నేను తల ఎత్తలేదు. ఏ గోలి, ఎప్పుడు, ఎవరిచ్చారు, ఏమీ తెలియదు. అది చెప్పాను. చెప్పేటప్పుడు డాక్టరు మొహం చూడలేకపోయాను.

"దీనికి బాగా పనిచేసే మందు ఒకటుంది. ఈ పూటే మొదలుపెడదామనుకున్నాను" అన్నాడు. "కాని ఆమెకు పడనిది అదే అయితే ప్రాణం మీదికి వస్తుంది. సాయంత్రం దాకా వేరేదానితో నెట్టుకొస్తాను. అది అంత బలమైనది కాదు. ఆలోగా పేరు కనుక్కోండి."

ఆమె దగ్గరికి వెళ్లి చెవిలో అడిగాను, ఏ మందు పడలేదే నీకు అని. ఆమె నా మొహంలోకి చూసి, "బర్రెకు నీళ్లు పెట్టిన్రా?" అంది. మాకు బర్రె లేదు. ఆమె చిన్నప్పుడు పుట్టింట్లో ఉండేదట. దేశంలో ఎన్ని సంగతులు జరిగినా నాకు అంత భయం వేయలేదు.

అంతకుముందు మా పక్కింట్లో ఉండే ఒక మరాఠా ఆవిడ, దసరా తర్వాత కొడుకు దగ్గరికి లాతూరు వెళ్లిపోయింది. వహినీ, అంటే వదినా, అని పిలుస్తాను. ఆమెకు ఫోన్ చేశాను. నేను సగం చెప్పగానే ఆవిడ అందుకుంది.

"అవును, నేనే తీసుకుపోయాను డాక్టరు దగ్గరికి. పంటి నొప్పికి గోలీ ఇచ్చాడు. మింగిన కాసేపటికి పెదాలు ఇంత లావయ్యాయి, ఊపిరి అందలేదు. మళ్లీ పరిగెత్తుకుపోతే సూది ఇచ్చాడు, తగ్గింది. మీరు ఊళ్లో లేరు."

"మందు పేరు ఏమిటి వహినీ?"

"నాకేం గుర్తు. ఆ డాక్టరు దవాఖానా ఎత్తేసి పుణె పోయాడు. మీ ఆవిడ మాత్రం మందుల దుకాణపాయనతో పేరు చెప్పించుకుని, ఇంటికి రాగానే గోడ మీది క్యాలెండరు మీద రాసింది. వానలు పడుతున్న రోజులు. అంతే తెలుసు."

ఇంటికి పరిగెత్తాను. వంటింటి గోడ మీద మేకుకు నవంబరు, డిసెంబరు మాత్రమే వేలాడుతున్నాయి, పక్కన దారానికి పెన్సిలు. మిగతా పది నెలలూ నేనే చింపి, వెనుక దేశం సంగతులు రాసి, టైపు చేయడానికి ప్రెస్సులో ఇచ్చాను. ఆ మేకు కింద నిలబడి నన్ను నేను బూతులు తిట్టుకున్నాను, మరాఠీలో కాదు, తెలుగులోనే.

ప్రెస్సు పాత బజారు సందులో ఉంది. నడిపే ఆయన నాకు పాతికేళ్ల దోస్తు, హైదరాబాదీ హిందీలో మాట్లాడతాడు, తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. నా మొహం చూసి కుర్చీ లాగాడు. నేను కూర్చోలేదు.

"నా కాగితాలు ఎక్కడ?"

"టైపైన కాగితాలు మళ్లీ ఎందుకు సార్?" అని బల్ల కింద నుంచి కట్ట తీశాడు. వెనుక వైపున నా దస్తూరీ చూసి నెలలు పోల్చుకున్నాను. వానాకాలపు నెలలు నాలుగు కావాలి. జూన్ ఉంది, జూలై ఉంది, సెప్టెంబరు ఉంది. ఆగస్టు లేదు.

ఆయన తల గోక్కున్నాడు. కాగితం మందంగా ఉంది కదా, పారేయడం ఎందుకని పొద్దున ఒక పెళ్లికార్డుల కట్టకు చుట్టాడట. ఉమ్రి పార్టీ. కట్ట తీసుకుని రైలు కోసం స్టేషనుకు పోయి పావుగంట అయింది. తెల్ల టోపీ, భుజం మీద తువ్వాల, అని గుర్తులు చెప్పాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలనుకున్నాను. డబ్బు దండగని నేను క్యాలెండరు వెనుక రాసుకుంటే, దండగని ఆయన దాన్ని కట్టకు చుట్టాడు. ఏమని కోప్పడను.

దొరికిన మూడు కాగితాలూ పట్టుకుని స్టేషనుకు పరిగెత్తాను, రైలు ఇంకా రాలేదు. ప్లాట్‌ఫారం నిండా మాహూర్ రేణుకమ్మను చూసి తిరిగి పోతున్న తెలంగాణ వాళ్లు, మూటలూ, కొబ్బరికాయలూ, నుదుళ్ల నిండా కుంకుమ. వాళ్ల చివర బెంచీ మీద టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒళ్లో కట్ట పెట్టుకుని కూర్చున్నాడు. కట్ట మీద నా మరాఠీ దస్తూరీ దూరం నుంచే కనబడింది. ఇరవై మూడు కింద రెండు ఎర్రగీతలతో సహా.

"కాకా, మీ కట్ట మీది కాయిదం నాకు గావాలె" అన్నాను.

ఆయన కట్టను ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు. "గివి మా బిడ్డ పెండ్లి కార్డులు. మొదటి కార్డు ఇంట్ల దేవునికి పెట్టేదాంక కట్ట ఇప్పద్దు. నీకు తెల్వదా?"

తెలుసు. మా ఇంట్లోనూ అంతే. పసుపు రాసి దేవుడి ముందు పెట్టాకే విప్పుతాం. నేను ఆయన పక్కన బెంచీ మీద కూలబడ్డాను.

"నా పెండ్లాం దవాఖానల ఉంది కాకా. ఆమెకు పడని మందు పేరు గీ కాయిదం లోపలి దిక్కు రాసుంది. సాయంత్రందాంక చెప్పకుంటె మనిషి దక్కుతదో లేదో."

ఆయన ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాల తీసి బెంచీ మీద పరిచాడు. "కార్డుల దిక్కు చూడకు" అని నాకు చెప్పి, తను కూడా మొహం పక్కకు తిప్పుకుని, తడుముతూ కాగితం విప్పి, కార్డులు కనబడకుండా తువ్వాలలో కట్టేశాడు. కాగితం నా చేతిలో పెట్టాడు. "దేవుడు ఏమనడులే" అన్నాడు, నాకో, తనకో.

తిరగేశాను. గడుల నిండా పెన్సిలు గీతలు. ఇద్దరం తలలు దగ్గర పెట్టి చూశాం.

"నీకు తెలుగు సదువుడు అస్తదా కాకా?"

"మాట్లాడుడే అస్తది. సదువుడు రాదు. నేను గూడ మరాఠీ బడే."

ఇద్దరం తెలుగు మాట్లాడుకుంటూ, తెలుగు కాగితం ముందు పెట్టుకుని, బిక్కమొహాలేసుకుని కూర్చున్నాం. నవ్వాల్సిన సంగతే. అప్పుడు మాత్రం నాకు సిగ్గు ముంచుకొచ్చింది.

పెద్దాయనే లేచి యాత్ర వాళ్లను కేకేశాడు, మీలో తెలుగు చదివేటోళ్లు ఎవరన్నా ఉన్నరా అని. కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ మూట మీది నుంచి లేచి వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి, నిజామాబాద్ దిక్కు. సంగతి విని కాగితాలు అందుకుంది. నాలుగూ ఇచ్చేశాను. వానలు పడుతున్న నెలల్లో ఎక్కడో మందు పేరుందని చెప్పాను.

ఆమె జూన్‌తో మొదలుపెట్టింది, గట్టిగా, బడిలో చదివినట్టు.

"గ్యాస్ అచ్చింది. పాలు రాలే. తమ్ముడు ఫోన్ చేసిండు. రైళ్లు గుద్దుకున్నయట, మస్తు మంది పోయిన్రు, అన్నం తినబుద్ధి కాలే."

నేను తల ఎత్తాను. ఒడిశా రైళ్ల సంగతి ఆమె రాసింది. దేశం పట్టదని నేను ఊరంతా చాటిన మనిషి.

"మామిడికాయ పెట్టిన. ఉప్పు ఎక్కువైంది. ఆయన ఏమనలే. కోపం మీదున్నడు. మూడొద్దుల సంది మాట్లాడుతలేడు." ఆవిడ కళ్లజోడు మీది నుంచి నన్ను చూసింది. "ఎందుకు మాట్లాడలేదన్నా?"

ప్లాట్‌ఫారం మీద పదిమంది చెవులు ఇటే ఉన్నాయి. "మందు పేరు చూడు చెల్లె" అన్నాను.

జూలైలో లేదు. కప్పు కారుతున్న చోటు ఉంది, నా చొక్కా గుండీ ఉంది, నేను పుస్తకం పని మొదలుపెట్టానని ఉంది. ఆగస్టు తీసింది. వేలు గడుల మీద పోతూ ఒకచోట ఆగింది. దూరంగా రైలు కూత వినబడింది.

"దొరికిందన్నా. ఇరవై మూడు. పంటి నొప్పి. గోలి మింగిన. పెదాలు ఉబ్బినయ్, ఊపిరాడలే. సూది ఇచ్చిన్రు. గోలి పేరు..." అని చదివింది. ఆ పేరు ఇక్కడ రాయను. ఆమెకు పడనిది మీకు పడొచ్చు, నా రాత చూసి ఎవరూ భయపడి మానెయ్యకూడదు. "మల్ల మింగద్దు, అని రాసి కింద రెండు గీతలు గీసిందన్నా."

డాక్టరుకు ఫోన్ చేశాను. ఆవిడ పలికితే నేను పలికాను. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"కాకా, పొద్దున నేను ఇద్దామనుకున్నది దీని జాతి మందే" అన్నాడు. "మంచి పని చేశారు. వేరేది ఉంది, అది మొదలుపెడతాను. వచ్చేయండి."

మంచి పని చేసింది నేను కాదని చెప్పాలనిపించింది. ఆయన అప్పటికే ఫోన్ పెట్టేశాడు.

రైలు వస్తోంది. జనం మూటలు ఎత్తుకుంటున్నారు. ఆవిడ కాగితం ఇవ్వబోయి ఆగింది.

"ఇంకో రెండు మాటలున్నయ్. సదవాల్నా అన్నా?"

సదువు అన్నాను.

"ఆయన ఫోన్ చేసిండు. చంద్రుని మీద దిగిందట. నాకు నోరు తిరగలే. ఊఁ అన్న. కోపం చేసిండు."

ఆవిడ కాగితం నా చేతిలో పెట్టి, నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, రైలెక్కింది. పెద్దాయన తువ్వాల మూట గుండెకు హత్తుకుని, "ఆమెకు బాగైతది, పెండ్లికి ఇద్దరు రాండ్రి" అని, కార్డు ఇవ్వడానికి లేదు కదా, నోటితోనే ఊరు, తేదీ చెప్పి ఎక్కాడు. రైలు పోయింది. నేను ఆ కాగితం పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఒక వైపు ఇరవై మూడు, రెండు ఎర్రగీతలు. తిప్పితే ఇరవై మూడు, రెండు పెన్సిలు గీతలు. నాకు ఏడుపొచ్చింది. మనుషులు చూస్తున్నారని కూడా ఆపుకోలేదు.

కొత్త మందు పట్టింది. మర్నాడు సాయంత్రం ఆసుపత్రి హాలులో టీవీ ముందు జనం లేచి నిలబడ్డారు. కొండ సొరంగంలో పదిహేడు రోజులుగా చిక్కుకున్న కూలీలు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. నలభై ఒక్క మంది. నాకు అలవాటుగా చెయ్యి జేబులోని పెన్ను మీదికి పోయింది. తర్వాత రాసుకోవచ్చులే అని లోపలికి వెళ్లాను. ఆమె కళ్లు తెరిచి ఉంది. నన్ను గుర్తుపట్టి, "పాలోనికి చెప్పినవా, ఇంటికాడ ఎవ్వరు లేరని?" అంది. బర్రె గురించి కాదు, పాల గురించి. మనిషి తిరిగొచ్చిందని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

ఇంటికి వచ్చాక, ఆమె మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చోగలిగిన రోజున, ఆగస్టు కాగితం ముందు పెట్టాను. ఆమె చూసింది.

"గప్పుడే ఎందుకు చెప్పలే నాకు?" అన్నాను.

"చెప్పిన. కిన్వట్ నుంచి అచ్చిన దినమే చెప్పిన. నువ్వు పేపర్ల చంద్రుని సంగతే సదువుకుంటుంటివి."

"ఇంకోసారి చెప్పాలె గదా."

"ఇంకోసారి గూడ చెప్పిన, నువ్వు గీ కాయిదం ఎనుక రాసుకుంటుంటె. ఊఁ అన్నవ్."

ఆమె గొంతులో కోపం లేదు. పాలు రాలేదని చెప్పినట్టే చెప్పింది. కోపం ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది. నేను ఊరంతా తిరిగి చెప్పుకున్న రుజువు నా మీదిదేనని తెలిసి తల ఎత్తలేకపోయాను. తప్పయిందన్నాను. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లే ఎక్కువవుతాయి. ఆమె దుప్పటి సర్దుకుని, ఆకలైతుంది, జావ పెట్టు అంది.

పుస్తకం ఆ ఏడాది ఆలస్యంగా వచ్చింది. మిగతా కాగితాలన్నీ ప్రెస్సు నుంచి వెనక్కి తెచ్చాను. ఫిబ్రవరి కాగితం ఒక్కటీ ఏ కట్టకు చుట్టుకుని ఏ ఊరు పోయిందో దొరకలేదు. ఆ నెలలో ఆమెకు ఏం జరిగిందో ఆమెకూ సరిగా గుర్తులేదు. దేశానికి ఏం జరిగిందో నా పుస్తకంలో ఉంది.

నవంబరు కాగితం మీద ఆమె ఆసుపత్రిలో ఉన్న రోజులు ఖాళీగా ఉన్నాయి. ఆమె పెన్సిలు పట్టుకుని నన్ను అడిగింది, ఏ దినం ఏమైంది చెప్పు అని. సొరంగం కూలీలు బయటికొచ్చారని మొదలుపెట్టాను.

"అది రాస్త. మనింట్ల ఏమైంది చెప్పు."

మనింట్లో ఏమైందో నేను చెబుతుంటే ఆమె రాసింది. స్టేషను, టోపీ పెద్దాయన, తువ్వాలలో కట్టిన కార్డులు, కళ్లజోడు ఆవిడ. చిన్న గడి పట్టక పక్క గడిలోకి, ఆ పక్క గడిలోకి పోయింది. ఆవిడ జూన్ నెల గట్టిగా చదివిందని చెప్పినప్పుడు మాత్రం పెన్సిలు ఆపి, "కోపం సంగతి గూడ సదివిందా?" అంది. చదివిందన్నాను. "మంచిగైంది" అని మళ్లీ రాసుకుంది.

ఆ చలికాలంలోనే అక్షరాలు నేర్చుకున్నాను. గురువు ఆమే. మరాఠీ రాసే చేతికి తెలుగు గుండ్రాలు లొంగవు, అన్నీ పైన గీత కోసం వెతుక్కుంటాయి. యాభై ఆరేళ్ల మనిషికి పలక ఎందుకని ఆమె తమ్ముడు వేళాకోళం చేశాడు, కొత్త క్యాలెండరు ఇస్తూ. చెయ్యనీ. జూన్ కాగితం నేనే ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివిన రోజు, ఆ మూడు రోజులు ఎందుకు మాట్లాడలేదో గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు ప్రయత్నించాను. గుర్తు రాలేదు. అంత చిన్న సంగతి అయి ఉంటుంది.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. ఇప్పుడు దేశం సంగతులకు విడిగా నోటుబుక్కు కొన్నాను. క్యాలెండరు కాగితం చింపను, పైకి మడిచి పెడతాం. మారిపోయానని మాత్రం అనను. అలవాటు అంత తొందరగా పోదు. మొన్న పొద్దున ఒక చట్టం తేదీ సరిచూసుకుంటుంటే, ఆమె వంటింట్లోంచి ఏదో అంది. నా నోటి నుంచి "ఊఁ" వచ్చేసింది.

వచ్చాక విన్నాను దాన్ని. పెన్ను కింద పెట్టి వంటింట్లోకి వెళ్లాను.

"ఏమన్నవ్? మల్ల చెప్పు."

"ఏం లేదు. పొద్దటి సంది మోకాలు నొస్తుంది అన్న."

గోడ దగ్గరికి వెళ్లి, దారానికి వేలాడే పెన్సిలు అందుకుని, ఆ రోజు గడిలో నా వంకర అక్షరాలతో రాశాను. మోకాలు నొప్పి, పొద్దటి నుంచి. ఆమె పొయ్యి తగ్గించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, నా భుజం పక్క నుంచి చదివింది.

"కుడిది అని రాయి" అంది.

కుడిది అని రాశాను.